నాలుగో దెబ్బ

లూర్దమ్మ నోరు మూయించింది మాటల ఆసుపత్రి. అందులో రెండో మాటకు తావు లేదు.

మేస్త్రి ఇన్నాసయ్య తన పెళ్ళాం గురించి ఈ సంగతి చర్చి మెట్ల మీద చెప్పాడు, టీ బంకు దగ్గర చెప్పాడు, తాపీ పట్టుకుని ఎక్కిన ప్రతి గోడ మీద నుంచీ చెప్పాడు. వైద్యం మొదలైన తొమ్మిదో రోజున మాట తెప్పించారు. నలభయ్యో రోజుకల్లా దాన్ని పోగొట్టారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు మూగగా బతికింది, రెండోసారి పక్షవాతం కొట్టి మూగగానే పోయింది. ఊరు నమ్మింది. నలభై ఏళ్ళలో ఇన్నాసయ్య కట్టిన గోడ ఒక్కటీ వంకర పోలేదు. అలాంటి మనిషి మాట మాత్రం ఎందుకు వంకర పోతుంది?

రేపు మృతుల పండుగ. సమాధుల తోటలో ఊరి కతోలిక కుటుంబాలన్నీ గడ్డి పీకుతున్నాయి, సిలువలకు సున్నం వేస్తున్నాయి, బంతిపూలు తడి గోనెల కింద దాస్తున్నాయి. లూర్దమ్మ పోయాక వచ్చిన మొదటి మృతుల పండుగ ఇది. ఆమె సమాధికి పైపూత మిగిలింది. ఇన్నాసయ్య కూలీని పెట్టుకోలేదు. సిమెంటు తనే కలిపాడు, నీళ్ళు తనే మోశాడు.

పక్క సమాధి దగ్గర చిన్నప్ప తన తండ్రి సిలువకు సున్నం కొడుతున్నాడు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే ముఠాలో తాపీ పట్టినవాళ్ళు.

“ఏందిరా ఇన్నాసీ, అది సమాధా, బంగళానా? ఇంకో గది ఏసి అద్దెకిస్తావా ఏంది?”

“నీ బాబు సిలువ ఎనక పక్క కూడా సున్నం కొట్టు. బతికున్నప్పుడూ ఆయనంతే, ముందు పక్కే కడుక్కునేవాడు.”

చిన్నప్ప పగలబడి నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి డాక్టర్ హైమవతి దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని, చేతికర్ర ఊతంతో మఠం ఆగ్నేసమ్మ దిగింది. ఎనభై దాటిన ఇటలీ సిస్టరమ్మ, ఈ గడ్డ మీదికి వచ్చి యాభై ఏళ్ళు.

“మాటల ఆసుపత్రోళ్ళురా! తంతావా, నన్ను తన్నమంటావా?” అన్నాడు చిన్నప్ప.

“నీ పని నువ్వు చూసుకో.”

ఆగ్నేసమ్మ సమాధుల మధ్య నుంచి మెల్లగా నడిచి వచ్చి, ఆయాసం తీరాక అంది: “ఇన్నాసీ, మా వంటింట్లో నువ్వు కట్టిన పొయ్యి ఇంకా పొగంతా నా కళ్ళలోకే కొడతంది. ముప్పై ఏళ్ళయింది.”

“పొయ్యిది తప్పు కాదమ్మగారూ. కట్టెలు పచ్చివి.”

“ముప్పై ఏళ్ళూ పచ్చివేనా?”

ఇన్నాసయ్య పూత సర్దుతూనే ఉన్నాడు.

డాక్టర్ హైమవతి చెప్పులు విడిచి సమాధికి దణ్ణం పెట్టింది. సంచిలోంచి కాగితాల కట్ట తీసింది. విప్పకుండా పట్టుకుంది.

“మేస్త్రి గారూ, మీరు ఊళ్ళో మా గురించి చెబుతున్నది నా చెవిన పడింది. నాకు కోపం లేదు. మీరు చెప్పింది నిజమేనేమో అని తెలుసుకోవడానికే వచ్చాను.”

ఏడాదిగా ఆ మాట కోసమే చూసినవాడిలా చిన్నప్ప ఛాతీ విరుచుకున్నాడు. ఇన్నాసయ్యకు మాత్రం చేతిలోని తాపీ ఒక్కసారిగా బరువెక్కింది.

*

లూర్దమ్మ ఇరవై రెండేళ్ళు మఠం వంటింట్లో పని చేసింది. ముగ్గురు ఇటలీ సిస్టర్లతో పిండి పిసికి, గిన్నెలు తోమి, వాళ్ళ భాష ఆ చేతి పనితోనే పట్టేసింది. చదువుకుని కాదు. కడిగేటప్పుడు ‘కడగడం’ అన్న మాట, కోసేటప్పుడు ‘కోయడం’ అన్న మాట, అలా వచ్చింది.

ఇన్నాసయ్యకు ఆ భాష గిట్టదు. ఒకనాటి సాయంత్రం ఆమెను తీసుకుపోవడానికి వెళ్ళినప్పుడు వంటింటి కిటికీలోంచి నవ్వులు వినపడ్డాయి. లూర్దమ్మ ఏదో అంటోంది, సిస్టర్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. తను గుమ్మంలో అడుగు పెట్టగానే నవ్వు ఆగిపోయింది. అంతే జరిగింది. దేనికి నవ్వారని అతను ఆనాడు అడగలేదు, తర్వాతా అడగలేదు. ఆ నవ్వును మాత్రం దాచుకున్నాడు.

“ఆ కూతలు గేటు బయట ఇడిచి రా, చెప్పులతో పాటు,” అన్నాడు ఆ రాత్రి. లూర్దమ్మ అలాగే విడిచి వచ్చింది. ఒక్కసారి మరిచిపోయి కోడిపిల్లల్ని ఆ భాషలో లెక్కపెడితే అన్నం కంచం విసిరికొట్టాడు. మళ్ళీ మరిచిపోలేదు.

ఆమెకు పక్షవాతం కొట్టింది ఈస్టరుకు ముందొచ్చే ఉపవాసాల తపస్కాలం మొదట్లో. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. పెద్దాసుపత్రిలో చేతులెత్తేశాక ఎవరో మాటల ఆసుపత్రి గురించి చెప్పారు. అది ఆసుపత్రి కాదు, ప్రయోగశాల. గుంటూరు శివార్లలో పత్తి గోడౌను వెనక మూడు గదులు.

హైమవతి లూర్దమ్మ దవడ కింద ఒక పట్టీ బిగించింది. ఇన్నాసయ్య చేతికి పల్చటి తొడుగు వేసింది.

“ఆవిడ ఎడమ అరచేతిలో మాటను ముక్కలు చేసి కొట్టండి. ఒక్కో ముక్కకు ఒక్కో దెబ్బ. గట్టిగా పలికే ముక్క దగ్గర గట్టి దెబ్బ. తొడుగు ఆ దెబ్బను పట్టీకి పంపుతుంది, పట్టీ దవడకు అందిస్తుంది. నోరు దెబ్బ వెంట పోతుంది.”

“మిషనే కొట్టచ్చుగా?”

“పన్నెండు మంది మీద మిషనుతోనే కొట్టించాం. మెదడు లొంగలేదు. తెలిసిన చెయ్యే కావాలి.”

తర్వాత మందు సంగతి చెప్పింది. సూది వేశాక నలభై రోజులు మెదడులో మాటల దారి మెత్తగా ఉంటుంది. ఆ నలభై రోజుల్లో ఏ దెబ్బలు పడితే ఆ దారి పడుతుంది. ఆ తర్వాత గట్టిపడిపోతుంది. మళ్ళీ మందు వేసినా కరగదు.

“తడి సిమెంటు,” అన్నాడు ఇన్నాసయ్య.

“అదే, సరిగ్గా అదే,” అంది డాక్టరు సంబరంగా. ఇంత తొందరగా అర్థమైనవాళ్ళు ఆమెకు తగల్లేదు.

మూడు రోజులు తెలుగులో కొట్టారు. రా. పో. తిను. కడుగు. లూర్దమ్మ మొహం గోడలా ఉంది. నాలుగో రోజు చూడ్డానికి వచ్చిన ఆగ్నేసమ్మ మంచం పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ తన భాషలో ఏదో అంది. పట్టీకి తగిలించిన మిషను ముల్లు లేచింది. గొంతు కదిలింది.

“దారి అక్కడుంది,” అంది హైమవతి. “చేతులతో నేర్చిన భాష. అది ఇంకా చావలేదు.”

ఆ రోజు నుంచి ఆ భాషలోనే. ముందు పనుల మాటలు. ఆగ్నేసమ్మ పలికేది, ఇన్నాసయ్య విని ముక్కలు చేసేవాడు. ఇందులో మాత్రం అతన్ని మించినవాడు ఆ ప్రయోగశాలలో లేడు. అయిదో తరగతితో ఆగిన వీధిబడి చదువే. కానీ ఆ బళ్ళో పిచ్చయ్య పంతులు పద్యాన్ని తొడ మీద కొట్టించేవాడు. లఘువుకు వేలు, గురువుకు అరచెయ్యి. తప్పు కొడితే ఆ తొడ మీదే బెత్తం. యాభై ఏళ్ళయినా ఆ చెయ్యి మరిచిపోలేదు. అదీగాక మేస్త్రి చెవి. పలకను తాపీ పిడితో తట్టి అడుగున బోలు ఉందో లేదో చెప్పే చెవి.

లా-వో. కడుగుతాను. మొదటి దెబ్బ గట్టిది. ల-వ్యా-మో. కడుగుదాం. రెండోది గట్టిది. రి-లా-వో. మళ్ళీ కడుగుతాను. ముందు ఒక ముక్క తగిలిస్తే ‘మళ్ళీ’, వెనక తోక మారిస్తే నేను, నువ్వు, మనం. పునాది ఒకటే, పైన వరసలు మారతాయి. తను అసహ్యించుకున్న భాష గోడ కట్టినట్టే ఉందని ఇన్నాసయ్యకు ఆ వారంలో తెలిసింది. తెలిసి ఇంకా కోపం వచ్చింది.

తొమ్మిదో రోజు పొద్దున అతను లా-వో కొట్టాడు. లూర్దమ్మ పెదవులు తెరుచుకున్నాయి.

“లావో.”

బొంగురుగా, తడిగా వచ్చింది మాట. ఆమే ఉలిక్కిపడింది. తర్వాత నవ్వింది. సగం మొహమే నవ్వింది, కానీ అది ఆ కిటికీ నవ్వే. ముందు ఆగ్నేసమ్మ వైపు చూసి నవ్వింది. ఆ తర్వాత మొగుడి వైపు తిరిగింది.

ముందెవరు, తర్వాతెవరు అన్నది ఇన్నాసయ్య చూశాడు.

“ఇంక తెలుగెప్పుడు వస్తది?” అని అడిగాడు వరండాలో.

హైమవతి నిజమే చెప్పింది. “రాకపోవచ్చు. ఒక్క దారే పడుతుంది.”

“మరి నాతో ఎట్టా మాట్టాడుద్ది?”

“మీరు నేర్చుకోండి మేస్త్రి గారూ. సగం మీకు ఇప్పటికే వచ్చు.”

అరవై రెండేళ్ళ వయసులో తన పెళ్ళాంతో మాట్లాడ్డానికి తను మఠానికి పోయి నేర్చుకోవాలి. లేదంటే మిగిలిన బతుకంతా ఆమె ఆగ్నేసమ్మతో నవ్వుకుంటుంటే గుమ్మంలో నిలబడాలి.

ఆ రోజంతా అతను బస్టాండు అరుగు మీద కూర్చున్నాడు. అక్కడే అతనికి ఆ ఆలోచన వచ్చింది. మేస్త్రికే వచ్చే ఆలోచన. పాత పూత ఉండగా కొత్త పూత పట్టదు. ముందు పాతదాన్ని ఇటుక కనపడేదాకా చెక్కాలి. ఆ భాష అడ్డం ఉన్నన్నాళ్ళూ తెలుగు పట్టదు. దాన్ని చెక్కేస్తే పడుతుంది.

పదో రోజు ల-వా-రె, కడగడం. రెండోది గట్టిగా పడాలి. అతను మొదటిదాని మీద అరచెయ్యి వేశాడు.

లూర్దమ్మ నోరు తెరుచుకుంది, దారి తప్పింది, మూసుకుంది. ఆమె అతని చేతిని చూసింది. తర్వాత కళ్ళెత్తి అతని మొహం చూసింది. గొంతు కదిలింది, శబ్దం రాలేదు.

తిడుతోంది అనుకున్నాడు.

మర్నాడూ అంతే. ప్రతి తప్పు దెబ్బ తర్వాతా ఆ గొంతు కదిలేది, ఒకటే మాదిరిగా. ఆగ్నేసమ్మకు జ్వరం వచ్చి మఠంలోనే ఉండిపోయింది. ఆమె గొంతు రికార్డు చేసి వినిపించేవారు. పదమూడో రోజు డాక్టరు అడిగింది. “దెబ్బలు సరిగ్గానే పడుతున్నాయా మేస్త్రి గారూ?”

“ముసలి చెయ్యమ్మా. కొట్టగలిగినట్టు కొడతన్నా.”

అప్పట్లో గాజు తెర మీద దెబ్బ పడిందా లేదా అన్నదే కనపడేది. ఎంత గట్టిగా పడిందో మిషను తన లోపల రాసుకునేది, ఎవరూ తిరగేసి చూసేవారు కాదు.

పొద్దున ఆ భాష చెక్కేవాడు. సాయంత్రం బసలో తొడుగూ పట్టీ లేకుండానే తెలుగు కొట్టేవాడు, ప్రాణం పెట్టి, పిచ్చయ్య పంతులు లేచి వచ్చినా వంక పెట్టలేనంత సరిగ్గా. ఇన్-నా-సి. ఇన్-నా-సి. తన పేరే. ఆమె అరచెయ్యి ఎర్రబడేది. నోరు కదిలేది కాదు. ఇరవై అయిదో రోజుకు అతనికి తెలిసిపోయింది, ఈ గోడకు ఈ పూత పట్టదని. ఇంకా పదిహేను రోజులు మిగిలే ఉన్నాయి. పొద్దున్నే సరైన దెబ్బ కొడితే చాలు.

కొట్టలేదు. ఇప్పుడు సరిగ్గా కొట్టి మాట తెప్పిస్తే, ఆ మాటతో ఆమె మొదట అడిగేది ఏమిటి?

నలభై రోజులూ నిండాయి. సిమెంటు ఆరిపోయింది.

*

“ఈ ఏడే గొంతు కదలికను చదివే పద్ధతి దొరికింది,” అంటోంది హైమవతి పక్క సమాధి అంచున కూర్చుని. “మాట బయటికి రాకపోయినా గొంతు ఏం అనబోయిందో తెలుస్తుంది. పాత పేషెంట్ల రికార్డులన్నీ మళ్ళీ తీశాం. లూర్దమ్మగారివి కూడా.”

కట్ట విప్పింది. కాగితాల నిండా చుక్కలు. నల్లవి దెబ్బలు, ఎర్రవి గొంతు.

“పదో రోజు నుంచి దెబ్బలన్నీ తారుమారు. గట్టిగా పడాల్సిన చోట మెత్తగా, మెత్తగా పడాల్సిన చోట గట్టిగా. ఆ ప్రతి తప్పు దెబ్బ తర్వాతా ఆవిడ గొంతు అయిదు ముక్కలు కదిలింది. అయిదే, నాలుగోది పెద్దది. చివరి రోజు దాకా అదే. మూడు వందల సార్లకు పైగా.”

“తిట్టింది,” అన్నాడు ఇన్నాసయ్య.

“లేదు ఇన్నాసీ.” ఆగ్నేసమ్మ చేతికర్రను సమాధికి ఆనించింది. “ఆ కాగితం నాకు చూపించారు. నేను చదవక్కర్లేకపోయింది. రి-కొ-మిన్-చా-మో. మా వంటింట్లో రోజూ అనే మాట. పిండి పాడైపోయినా, పాలు ఇరిగిపోయినా, కొత్త పిల్ల కూర మాడగొట్టినా, నేను ఎవర్నీ తిట్టేదాన్ని కాదు. ఆ ఒక్క మాట అనేదాన్ని. లూర్దు నాకన్నా ఎక్కువ అనేది.”

“అంటే?”

“మళ్ళీ మొదలుపెడదాం, అని.”

చిన్నప్ప కుంచె బక్కెట్లో పెట్టడం వినిపించింది. ఇన్నాసయ్య తల తిప్పలేదు. తాపీలో ఉన్న ముద్దను పూత మీద పెట్టాడు, పరచలేదు.

మూడు వందల సార్లు. అతని చేతిని చూసి, అతని మొహం చూసి, ఆ తర్వాత. మొహం చూడకుండా అని ఉంటే, చెయ్యి పొరపాటు పడిందనుకుని అన్నదని సరిపెట్టుకోవచ్చు. ఆమె చూసింది. ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ మొహంలో ఏముందో తెలియదా?

“నేను అడగడానికి వచ్చింది ఇదీ,” అంది హైమవతి. “ఆ తారుమారు ఎందుకొచ్చింది? మీరు మొదటి తొమ్మిది రోజులూ ఒక్క దెబ్బ తప్పలేదు. అలాంటి చెయ్యి ఒక్క రాత్రిలో మారదు. అంటే మా తొడుగు చెడిపోయి ఉండాలి. మీరు సరిగ్గా కొడుతుంటే అది తప్పుగా పంపి ఉండాలి. అదే అయితే, మీరు ఊళ్ళో చెప్పింది అక్షరాలా నిజం. ఆవిడ మాట నేనే తీశాను.”

“అనలా నేను, తప్పు వీళ్ళదేనని!” అన్నాడు చిన్నప్ప.

“ఇప్పుడు పద్నాలుగు మంది చేతులకు అవే తొడుగులున్నాయి మేస్త్రి గారూ. ఒకావిడకు ఇవాళ ఇరవయ్యో రోజు. నిన్ననే కొడుకును పేరు పెట్టి పిలిచింది. తొడుగు నమ్మకం లేనిదైతే రేపటి నుంచి అందరికీ ఆపేయాలి. ఆపేస్తే వాళ్ళకింక మాట రాదు. ఆపకపోతే, లూర్దమ్మగారికి జరిగిందే జరుగుతుందేమో. నాకు నిద్ర పట్టడం లేదు. మీ చెయ్యి మీకు తెలుసు. చెప్పండి. తప్పు తొడుగుదేనా?”

ఇన్నాసయ్య ఒక్క తల ఊపితే చాలు. ఏడాదిగా ఊరికి చెప్పింది నిలబడుతుంది. చిన్నప్ప సాక్షి. డాక్టరమ్మే వచ్చి సమాధి దగ్గర తప్పు ఒప్పుకుందని రేపు పూజ అయ్యేలోగా ఊరంతా పాకుతుంది. పొయ్యిది తప్పు కాదు, కట్టెలది.

అతను తాపీని ఎడమ చేతికి మార్చుకున్నాడు. ఖాళీగా ఉన్న కుడి చెయ్యి తొడ మీద పడింది. వేలు, వేలు, వేలు. నాలుగోది అరచెయ్యి. మళ్ళీ వేలు. నాలుగో దెబ్బ ఎంత గట్టిగా పడిందంటే లుంగీ మీది సిమెంటు దుమ్ము లేచింది. అతను కొట్టాలనుకుని కొట్టలేదు. చెయ్యి కొట్టింది.

హైమవతి ఆ చేతిని చూసింది. తర్వాత కళ్ళెత్తి అతని మొహం చూసింది. ఒకరు చేతిని చూసి మొహం చూడడం అతనికి తెలుసు.

“తొడుగు మంచిదే,” అన్నాడు ఇన్నాసయ్య.

తాపీని మళ్ళీ కుడి చేతికి మార్చుకున్నాడు.

“తొడుగులో తప్పు లేదు. నీ మందులో తప్పు లేదు. దెబ్బ నాది. పదో రోజు నుంచీ కావాలనే కొట్టా. ఆ పద్నాలుగు మందికీ ఆపమాక.”

డాక్టరు కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. కోప్పడాలో, ఊపిరి పీల్చుకోవాలో ఆమెకు తెలియడం లేదు. కట్ట మళ్ళీ కడుతూ అంది: “ఇది మీరు వచ్చి మా వాళ్ళ ముందు చెప్పాలి. కొట్టే చెయ్యి మనసు కూడా మేం చూసుకోవాలని మాకు తట్టలేదు. ఇంకో ఇంట్లో ఇలా జరగకుండా...”

“చెప్పాల్సింది చెప్పా. రాసుకుంటే రాసుకో. నేను రాను.”

“ఇన్నాసీ,” అంది ఆగ్నేసమ్మ. “ఫాదరు గారి దగ్గరికన్నా పో. చేసింది చెప్పుకుని పాపసంకీర్తనం చేసుకో. మోయలేవు.”

“ఆయన క్షమించేస్తాడమ్మగారూ. అందుకే పోను.”

ముసలామె చెయ్యి చాచింది. అతను ఆ చేతికి అందలేదు. వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆమె ఒకసారి ఆగి వెనక్కి చూసింది. ఆ కిటికీ నవ్వు దేనికో అడగాలంటే అదే ఆఖరి అదును. అతను వంగి పూత మీది ముద్ద పరిచాడు.

ఆటో చప్పుడు దూరమయ్యాక చిన్నప్ప గొంతు సవరించుకున్నాడు. సున్నం చేతులతో ముందుకు వచ్చి సమాధికి అవతల నిలబడ్డాడు.

“ఒరే ఇన్నాసీ. ఏడాదిగా మేమందరం ఆ డాక్టరమ్మని... నేను ఆమె బోర్డు మీద పేడ కూడా కొట్టొచ్చాను కదరా. ఇదంతా...”

“బోర్డు కడిగి రా. నీళ్ళు పొయ్యి ముందు, పూత ఆరిపోతంది.”

చిన్నప్ప నీళ్ళు చిలకరించాడు. ఇన్నాసయ్య తాపీని ఒక్క ఊపులో ఈ చివర నుంచి ఆ చివరకు లాగాడు. పూత అద్దంలా వచ్చింది. దాని మీద ఏమీ రాయలేదు, ఏ గుర్తూ పెట్టలేదు.

“మరి ఊళ్ళో అడిగితే ఏం చెప్పమంటావురా?”

“నీకేం తెలిస్తే అది చెప్పుకో. నాతో మాత్రం ఈ సంగతి ఎత్తమాక. ఇవాళ కాదు, రేపు కాదు, నన్ను దీని పక్కన పూడ్చే రోజు కూడా కాదు. నా నోట ఇక రాదు.”